రొయ్య రైతుకు నేర్పించే ఖర్చు ఎవరు భరించాలి? కిలోకు రూపాయి మీద చర్చ

గట్టుమీద రైతు, ఆకివీడు

మొన్న ఆదివారం మా సొసైటీ మీటింగులో ఒక మాట లేచింది, ఇంకా తెగలేదు. రొయ్యలు శుభ్రం చేసి విదేశాలకు పంపే ప్లాంటు కొనే ప్రతి కిలోకీ ఒక రూపాయి పక్కన పెట్టి, ఆ డబ్బుతో మందుల అవశేషాల గురించి, చెరువు రికార్డులు రాయడం గురించి రైతులకు నేర్పించాలని. మేం 32 మందిమి. అందరి చెరువులూ కలిపితే పంటకు 200 టన్నుల దాకా వస్తుంది. అంటే పంటకు 2 లక్షలు, రెండు పంటలకు 4 లక్షలు. ఆ రూపాయి ప్లాంటువాళ్లే పెట్టుకోవాలని కొందరు. ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనకు కేంద్రం 2024లో నాలుగేళ్లకు 6,000 కోట్లు అంది, నాణ్యత, ట్రేసబిలిటీ (సరుకు ఏ చెరువుదో వెనక్కి పట్టుకోగలగడం) అందులోనే ఉన్నాయి కదా, మళ్లీ రూపాయి దేనికని ఇంకొందరు.

నా సంగతి చెబుతాను. పోయిన పంటలో 60వ రోజున చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలిపోవడం మొదలైంది. పొద్దున్నే గట్టు మీదికి వెళ్తే నీళ్ల మీద తెల్లటి దారాలు తేలుతున్నాయి. రొయ్య పేగు తెల్లబడే వైట్ గట్ జబ్బని అర్థమైంది. ఆ టెన్షన్‌లో మందుల షాపుకి పరిగెత్తాను. మేత, మందులు అన్నీ అక్కడే అప్పుకి తెస్తాను కాబట్టి వేరే చోటికి వెళ్లే వీలు లేదు. ఆయన ఒక తెల్ల కవరు చేతిలో పెట్టాడు. కంపెనీ పేరు లేదు, లోపల ఏముందో రాసి లేదు. స్కెచ్ పెన్నుతో ‘గట్’ అని మాత్రం ఉంది. మేతలో కలిపి అయిదు రోజులు వేశాను. పట్టుబడికి ముందు శాంపిల్ ఇస్తే నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ ఉందని ఫెయిలైంది. ప్లాంటు తీసుకోనంది. బయట ఏజెంటుకి కిలో 70 రూపాయలు తక్కువకి ఇచ్చేశాను.

ఆ కవరు ఎలాంటిదో ముందే చెప్పే మనిషి ఒకరుంటే నా పంట నిలబడేది. నా మటుకు ప్లాంటువాళ్లే పెట్టాలి. శుభ్రమైన సరుకుతో లాభం వాళ్లకే కదా. మీరేమంటారు?

కాటా దగ్గర మనిషి, భీమవరం

అన్నా, నీ నష్టం చూస్తే బాధగా ఉంది. కానీ ఆ రూపాయి ప్లాంటు జేబులోంచి రాదు. నేను 14 ఏళ్లుగా రైతుకీ ప్లాంటుకీ మధ్య కొని పెడుతున్నాను. మంచు ఖర్చు పెరిగినా, బండి కిరాయి పెరిగినా, అమెరికాలో సుంకం పెరిగినా మర్నాడు పొద్దున ఫోన్‌లో వచ్చే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) రేటులో ఆ కోత కనిపిస్తుంది. రేటు వాళ్లు చెబుతారు, మనం వింటాం. కాబట్టి ప్లాంటు ఇచ్చినా, సొసైటీ ఇచ్చినా కట్టేది రైతే. ప్రభుత్వం పెడితేనే రైతు మీద పడదు.

ఇంకొక మాట, నా పని గురించే. చిన్న రైతుల దగ్గర ఒక్కో చెరువులో టన్ను, టన్నున్నర వస్తుంది. నాలుగైదు చెరువుల సరుకు ఒకే బండికి ఎక్కుతుంది. 50 కౌంటంతా ఒక పక్క, 70 కౌంటంతా ఒక పక్క. ట్రేల్లో మంచు వేసి పేర్చాక ఏ ట్రే ఎవరి చెరువుదో నేనూ చెప్పలేను. ట్రేసబిలిటీ తెగిపోయేది అక్కడే. రైతు చేత ఎన్ని పుస్తకాలు రాయించినా నా బండి దగ్గర కలిసిపోతే వాటికి విలువ లేదు. నాకు మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ నేర్పలేదు.

ల్యాబ్ టెక్నీషియన్

రైతుగారూ, మీ శాంపిల్ లాంటివి వారానికి ఒకటైనా చూస్తాను. 2022 నవంబర్ నుంచి యూరప్‌లో నైట్రోఫ్యూరాన్ మెటబొలైట్లు (ఆ మందు ఒంట్లో విరిగి మిగిలేవి) కిలోకి 0.5 మైక్రోగ్రాము దాటితే సరుకు ఆపేస్తారు. అంతకు ముందు 1 ఉండేది. 0.5 అంటే వెయ్యి టన్నుల రొయ్యలో అర గ్రాము. క్లోరాంఫెనికాల్ అనే ఇంకో నిషేధించిన యాంటీబయాటిక్‌కి ఇంకా తక్కువ, 0.15. ‘కొంచెమే వేశాను, నీళ్లు మార్చాను’ అని నా ముందు కూర్చుని చెప్పే రైతుకి ఈ లెక్క చూపిస్తే మొహం మాడిపోతుంది. పైగా నైట్రోఫ్యూరాన్ అవశేషం కండలో అతుక్కుపోతుంది. కడిగినా, గడ్డకట్టించినా, ఉడికించినా పోదు.

ఇది ఒక పూట క్లాసుతో వచ్చేది కాదు. మేత మానేసిన రోజున ఎవరిని అడగాలో రైతుకి తెలియాలి. కాబట్టి నా ఓటు మనిషికి. నెలకి 25,000 జీతంతో ఒక ఫిషరీస్ గ్రాడ్యుయేట్‌ని పెట్టుకుంటే ఏడాదికి 3 లక్షలు. మీ 4 లక్షల్లో ఇంకా లక్ష మిగులుతుంది, దాన్ని పరీక్షలకి వాడుకోవచ్చు. డబ్బు ఎవరిదన్నది ఆ తర్వాత చూడండి. ఆ మనిషి మాత్రం మందుల షాపు జీతం మీద ఉండకూడదు. ఇప్పుడు చెరువు మీదికి వచ్చి సలహాలిస్తున్న వాళ్లలో చాలామంది మందులు అమ్మేవాళ్లే.

మొగల్తూరు మాజీ ఉద్యోగి

ముందు ఆ 6,000 కోట్ల మాట. అందులో సగమే ప్రభుత్వ సొమ్ము, మిగతా సగం లబ్ధిదారులూ ప్రైవేటువాళ్లూ పెట్టాల్సిన పెట్టుబడి. అది కూడా దేశమంతటికీ. మీ సొసైటీ గట్టు దాకా తనంతట తానే వస్తుందని కూర్చోకండి.

రైతులకు నేర్పడం మన దగ్గర కొత్తేం కాదండీ. 2002లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా, బ్యాంకాక్‌లోని ఆసియా దేశాల ఆక్వా సంస్థ నాకా కలిసి మా మొగల్తూరులోనే చిన్న రైతులతో మొదలుపెట్టాయి. అప్పుడు టైగర్ రొయ్య, వైట్ స్పాట్ జబ్బుతో చెరువులకు చెరువులే పోతున్న కాలం. ఒకే కాలవ మీదున్న రైతులు కలిసి ఆక్వా క్లబ్బు పెట్టుకున్నారు. సీడు (రొయ్య పిల్లలు) కలిసి కొన్నారు, పరీక్ష చేయించే కొన్నారు, ఒకే వారంలో వేశారు. ఒకరి చెరువులో జబ్బొస్తే ఆ నీళ్లు కాలవలోకి వదలకూడదని వాళ్లే కట్టు పెట్టుకున్నారు. దాని మీదే 2007లో చిన్న రొయ్య రైతుల సంఘాల కోసం నాక్సా అనే సంస్థ పుట్టింది. పనిచేసింది ఎందుకంటే ఆ టెక్నీషియన్లు ఊళ్లోనే ఉన్నారు, రాత్రి పది గంటలకు తలుపు కొట్టినా లేచి వచ్చేవారు.

తర్వాత నేను ఉద్యోగంలో చూసినవి వేరు. కల్యాణ మండపం, బ్యానర్, రెండు గంటల ఉపన్యాసం, భోజనం, సంతకాల షీటు. ఆ షీట్లు నేనే పంపాను. ఎంతమంది వచ్చారన్నదే అడిగారు కానీ, ఆ ఏడాది ఆ ఊళ్లో ఎన్ని శాంపిళ్లు ఫెయిలయ్యాయో పైనుంచి ఒక్కరూ అడగలేదు. అందుకే ప్రభుత్వ డబ్బే కావాలని పట్టుబట్టే ముందు, ఆ డబ్బుని దేనితో కొలుస్తారో అడగండి.

ప్లాంట్ క్వాలిటీ సెక్షన్, కాకినాడ

మమ్మల్ని కూడా ఒక మాట చెప్పనివ్వండి. 2016లో యూరప్ మన దేశపు చెరువు రొయ్య మీద తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే రెండు కంటైనర్లలో ఒకదానికి అక్కడ పోర్టులో పరీక్ష. పోర్టులో ఆగిన ప్రతి రోజుకీ అద్దె మాదే, తిరిగొస్తే కిరాయి కూడా మాదే. అమెరికా 2018 డిసెంబర్ 31 నుంచి రొయ్యను దిగుమతి నిఘా కార్యక్రమంలో చేర్చింది. ఏ చెరువులో పెరిగింది, ఎప్పుడు పట్టారు అన్నది అక్కడి దిగుమతిదారుడు చూపించాలి, ఆ కాగితం మేమివ్వాలి. మేమేమీ పెట్టడం లేదన్నట్టు మాట్లాడకండి.

రూపాయి ఇవ్వడానికి మా యాజమాన్యం ఒప్పుకోవచ్చు, నా దాకా అయితే ఒప్పుకోవాలనే అంటాను. కానీ మేం నేర్పించిన రైతు, పట్టుబడి రోజున 5 రూపాయలు ఎక్కువిస్తే పక్క ప్లాంటుకి అమ్ముకుంటాడు. దానికేమంటారు?

గట్టుమీద రైతు, ఆకివీడు

సార్, ఆ 5 రూపాయలు మీరే ఇస్తే పక్కకెందుకు వెళ్తాడు? పరీక్ష పాసైన సరుకుకీ, పరీక్షే లేని సరుకుకీ ఒకే కౌంటుకి ఒకే రేటు ఇస్తున్నారు. జాగ్రత్తగా పెంచిన వాడికి మిగిలేదేంటి? నాకిప్పుడు రూపాయి కంటే అదే పెద్ద ప్రశ్న అనిపిస్తోంది.

షెడ్ సూపర్‌వైజర్

ఇంతసేపూ రైతు, ప్లాంటు అనే మాట్లాడుతున్నారు. తల వలిచి, పొట్టు తీసి, నరం లాగే ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా షెడ్‌లో రోజుకి 120 మంది పనిచేస్తారు. చేతికి కోసుకుంటే ఆ రోజు కూలి పోతుందని చెప్పకుండా గ్లవ్ తొడుక్కునే అమ్మాయిలున్నారు. లాట్ నంబరు రాసిన చీటీ టబ్బుతో పాటే కదలాలని మాకు తెలుసు. కానీ అది తడిసి చిరిగిపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, పక్క టబ్బు చీటీ చూసి రాసేస్తారు. శిక్షణ డబ్బులో మా వాటా కూడా లెక్కలో పెట్టండి. నేర్చుకునే పూటకి కూలి ఇవ్వండి, అందరూ వస్తారు.

హైదరాబాద్ నుంచి ఒక అమ్మ

యూరప్‌కి వెళ్లే రొయ్యకి ఇంత పరీక్ష, మా పిల్లలు తినేదానికి? రైతుగారూ, మీ శాంపిల్ ఫెయిలైన సరుకు ఏజెంటు ద్వారా ఎక్కడికి వెళ్లింది? తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. మేం ఆదివారం కొనేదాని మీద ఏ చెరువు నంబరూ ఉండదు. తినేవాళ్ల డబ్బు కూడా కొంత ఇందులోకి రావాలంటే నేను సరేనంటాను. కానీ ఆ నంబరు మాకూ కనిపించాలి.

గట్టుమీద రైతు, ఆకివీడు

అమ్మా, ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు. ఆ రోజు అడగలేదు కూడా, అప్పు తీర్చాలన్న తొందరలో ఉన్నాను. మీరు అడిగినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది.

వచ్చే మీటింగులో ఇలా పెడదామనుకుంటున్నాను. మా రూపాయి మేమే వేసుకుంటాం, ఎవరి కోసమూ ఆగం. దానితో టెక్నీషియన్‌ని పెట్టుకుంటాం, షాపుతో సంబంధం లేని మనిషిని. ఊళ్లోకి వచ్చే ప్రతి మందు కవరు ముందు ఆయన చూడాలి. ప్లాంటు దగ్గర అడిగేది, పరీక్ష పాసైన సరుకుకి రేటు తేడా. ఆ తేడా కాటా చీటీలో విడిగా రాయాలి, మామూలు రేటులో కలపకూడదు. ప్రభుత్వాన్ని అడిగేది, బండి, షెడ్ వాళ్లకు శిక్షణ, ఆ పూట కూలి. ఆ రెండూ రైతు మీద వేయడం న్యాయం కాదు.

కాటా దగ్గర మనిషి, భీమవరం

చీటీలో విడిగా రాస్తారంటే నా అభ్యంతరం వదులుకుంటాను. బండిలో చెరువుకో రంగు ట్రేలు పెట్టడానికి కూడా సిద్ధమే, ట్రేలు కొనే దారి చూపిస్తే.

కానీ ఒకటి మరిచిపోయావన్నా. మీ 32 మందిలో కౌలు రైతులెంతమంది? చెరువు రిజిస్ట్రేషన్ భూమి యజమాని పేరు మీద ఉంటుంది, మందు వేసేది కౌలుదారు. చీటీ మీద ఎవరి పేరు రాయాలి?

గట్టుమీద రైతు, ఆకివీడు

19 మంది. నేనూ కౌలే. ఇద్దరి పేర్లూ రాయిస్తాను.