కొబ్బరి తోట కొనుగోలుకు నోటరీ కాగితం చాలా?

ప్రశ్న (రాజోలు): మా ఇంటి పక్కనున్న 30 సెంట్ల కొబ్బరి తోట కొంటున్నాం. అది అన్నదమ్ములిద్దరి ఉమ్మడి ఆస్తి. తమ్ముడుగారు ఊళ్లోనే ఉంటారు, అన్నగారు కువైట్‌లో ఉన్నారు. తమ్ముడుగారొక్కరే స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించి ఇస్తానంటున్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందట. సరిపోతుందాండీ?

జవాబు (అమలాపురం): దయచేసి ఆ పని చేయకండి. మా నాన్నగారు అలాగే 12 సెంట్లు కొన్నారు. ఆయన పోయాక అప్పు కోసం ఆ కాగితం బ్యాంకుకు పట్టుకెళ్లాను. మేనేజరుగారు మడతలు విప్పి, గుండ్రటి ముద్ర చూసి, ‘రిజిస్టర్డ్ దస్తావేజు ఏదండీ?’ అన్నారు. నా దగ్గర లేదు. సంతకం ఫలానా వ్యక్తిదేనని నోటరీ ధ్రువీకరిస్తారు, అంతే. దానితో హక్కు మారదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. పైగా అన్నగారి వాటాను తమ్ముడుగారు ఎలా అమ్ముతారు?

జవాబు (పాలకొల్లు): అన్నగారు రానక్కర్లేదు. అక్కడి భారత రాయబార కార్యాలయంలో తమ్ముడి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాసి, అధికారి ఎదుట సంతకం చేసి పంపమనండి. తోట సర్వే నంబరు, హద్దులు, అమ్మే అధికారం అందులో స్పష్టంగా ఉండాలి. కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించడం మరవకండి.

నోటరీ పనికిరాదని కాదు. ఆధార్‌లో ఒకలా, దస్తావేజులో మరోలా పేరుంటే అఫిడవిట్‌కు, సర్టిఫికెట్ల నకళ్లు ధ్రువీకరించడానికి నోటరీ దగ్గరకు వెళ్లవచ్చు. వీలునామాకు మాత్రం నోటరీ అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు. మా వైపు చేపల చెరువులను మూడేళ్ల కౌలుకిచ్చి నోటరీతో సరిపెడుతున్నారు. ఏడాది దాటిన కౌలును రిజిస్టర్ చేయాల్సిందే. ఎక్కడైనా సరే నోటరీ ఎదుటే సంతకం చేయండి, ఆయన రిజిస్టరులోనూ పెట్టండి. ఖాళీ కాగితం మీద ముద్ర వేసి ఇస్తామంటే లేచి వచ్చేయండి.

ప్రశ్న (రాజోలు): తమ్ముడుగారితో మాట్లాడాను. అన్నగారికి ఫోను చేస్తానన్నారు. అడ్వాన్సు ఆపాను. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన పాత లావాదేవీలు చూపే ధ్రువపత్రం) ఎన్నేళ్లకు తీయించాలి?

జవాబు (అమలాపురం): 30 ఏళ్లకు తీయించండి. వాళ్ల నాన్నగారి దస్తావేజు అసలు ప్రతిని కూడా మీ కళ్లతో చూడండి.