అప్‌డేట్: ఒడిశా సేవకు వెళ్లాలా అని అడిగాను కదా

జమ్మలమడుగులో నర్సు ఉద్యోగం మానేసి ఒడిశా కొండ ఊళ్లకు మిషనరీగా వెళ్లాలా అని మార్చిలో అడిగాను. మానలేదు. ముందు సెలవు పెట్టి చూసి రమ్మన్న అక్క మాట విని, మూడు వారాలు ఉండి వచ్చాను.

దేవుని పిలుపు సంగతి అలా ఉంచితే, జ్వరం ఎన్నాళ్లనుంచి అని ఒక తల్లిని అడగడానికి కూడా నాకు మధ్యలో మనిషి కావలసి వచ్చింది. అక్కడివాళ్లది కుయి భాష. తెలుగుకు చుట్టమే, కానీ పలకరిస్తే గుర్తుపట్టని చుట్టం! తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు అజరయ్య తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారని సండే స్కూల్లో బట్టీ పట్టాను. ఆ నేర్చుకోవడం ఎంత పనో అప్పుడు తట్టలేదు.

అమ్మ ఇంకా ముభావంగానే ఉంది. నిన్న మాత్రం, అక్కడ జొన్నపిండి దొరుకుతుందా అని నాన్నతో అడిగించింది. జనవరిలో ఏడాదికని వెళ్తున్నాను.