కృప వెంబడి కృప: ఇది ఏ ‘వెంబడి’?

జమ్మలమడుగు పిల్లోడు: మా జేజి ప్రార్థన చివర్లో "కృప ఎంబడి కృప" అనేది. వెతికితే యోహాను 1:16 అని తేలింది. ఇంగ్లీషు బైబిల్లో మాత్రం ‘కృప మీద కృప’ అన్నట్టుంది. మీద, వెంబడి ఒకటేనా?

ప్రొద్దుటూరు అయ్యవారు: రెండూ కావు. గ్రీకులో ఉండేది ‘ఆంటి’, అంటే బదులు. మత్తయి 5:38లో ‘కంటికి కన్ను’ దగ్గరా అదే మాట. తర్వాతి వచనం చూడు: ధర్మశాస్త్రం మోషే ద్వారా, కృపాసత్యాలు క్రీస్తు ద్వారా. పాత కృప చోట కొత్త కృప. తెలుగు చేసినోళ్లు మెత్తబరిచినారు.

పెన్నగట్టు: యాడ మెత్తబరిచినారు సార్? మన పక్క "ఎంబడే రా" అంటే ఇప్పుడే రమ్మని. కొళాయి కింద బిందె నిండి పక్కకు తీస్తానే, ఆ చోట్లోకే ఇంకో బిందె తోస్తాం. బదులూ అదే, వెంబడీ అదే.

అయ్యవారు: బిందెలు బాగున్నాయి. కానీ 1818లో అచ్చయిన కొత్త నిబంధన విశాఖ మిషనరీలది. మీ ‘ఎంబడే’ వాళ్ల చెవిన ఎట్లా పడింది?

మరియాపురం టీచరమ్మ: వెంబడి సరే, ‘కృప’ మాటేమిటి? మా కతోలిక జపంలో "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా". అదే లూకా 1:28లో మీకు "దయాప్రాప్తురాలా". మీ ‘కృప’కీ దీనికీ గ్రీకు మూలంలో ధాతువు ఒకటే, ఖారిస్. వరప్రసాదమంటే చేతిలో పెట్టినట్టుంటుంది. కృప అంటే నాకు పైనుంచి జాలిగా చూసినట్టే. కృపణుడూ, అంటే దీనుడూ, ఆ ఇంటోడే కదా!

అయ్యవారు: జాలి కాదమ్మా. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును". అక్కడ హీబ్రూ మాట హెసెద్, ఇచ్చిన మాట తప్పని ప్రేమ. రెంటినీ ఒకే కృపలో పోసినారు.

ఒంటిమిట్ట భక్తుడు: అర్హత లేకుండా దక్కేదే కృపయితే, మా పోతన ఎప్పుడో చెప్పినాడు. "లావొక్కింతయు లేదు" అన్నాకే గదా స్వామి దిగొచ్చింది!

పెన్నగట్టు: ‘మా’ పోతనా? బమ్మెరోళ్లు వింటే ఈ రాత్రికి నిద్ర ఉండదు.

టీచరమ్మ: గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడు, విష్ణుభక్తుడు. అర్హత లేదనెట్లా? పైగా మొరపెట్టుకున్నాడు. ఎఫెసీ 2:8లో "ఇది మీవలన కలిగినది కాదు".

భక్తుడు: "మన్నింపందగున్" అన్నాడమ్మా. మన్నించడం క్షమించడమా, ఆదరించడమా? ముందు అది తేల్చండి.

అయ్యవారు: ముందు ఈ అబ్బాయి చెప్పాల. మీ జేజి అన్నది ఎంబడా, ఎంబడేనా?

జమ్మలమడుగు పిల్లోడు: చివరక్షరం వినపడేది కాదు సార్. అప్పటికే పండ్లు లేవు.