గాజియా క్లాసిక్: ముందు పీఐడీనా, స్ప్రింగా?

తిరుచానూరు_డికాక్షన్:
గాజియా క్లాసిక్ ప్రో ఎస్ప్రెసో మెషిన్, పాత మోడల్. కాఫీ ఒక కప్పు పులుపు, ఇంకో కప్పు చేదు. పీఐడీ (బాయిలర్ వేడిని నిలకడగా ఉంచే కంట్రోలర్) కిట్ తెప్పించాలా? పొడి మామూలు ఫిల్టర్ కాఫీదే, చికోరీ ఉంది.

చిత్తూరు_స్పానర్:
ముందు పొడి మార్చన్నా. చికోరీ తడి తగలగానే జిగురు కట్టి పొడి వేసే బాస్కెట్‌ను మూసేస్తుంది. చికోరీ లేని గింజలే పట్టు. 16 గ్రాముల పొడికి 32 గ్రాముల కాఫీ 25–30 సెకన్లలో దిగాలి. ఆ లెక్క కుదరందే మెషిన్ విప్పి లాభం లేదు.

తర్వాత 9 బార్ ఓపీవీ స్ప్రింగ్ (పంపు ఒత్తిడి మితిమీరకుండా చూసే వాల్వుది). పైమూత స్క్రూలు రెండే. స్ప్రింగ్ మార్చేటప్పుడు ఓ-రింగ్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి. నలిగిందంటే నీళ్ళు వైర్ల మీదికి కారతాయి. కొత్త ఈవో మోడల్‌కు 9 బారే వస్తుంది, దానికి ఈ పని అక్కర్లేదు.

రేణిగుంట_సోల్డర్:
స్ప్రింగ్ సరే, పులుపు–చేదుల ఊగిసలాటకు మందు మాత్రం పీఐడీనే. మెషిన్‌తో వచ్చిన థర్మోస్టాట్ 107 డిగ్రీల దగ్గర హీటర్‌ను ఆపి, బాగా చల్లారాకే మళ్ళీ కలుపుతుంది.

రెక్స్ సీ100 పీఐడీ కొంటే మోడల్ నంబరు చూడండి: చివరి గీత తర్వాత ‘వి’ ఉంటే ఎస్ఎస్ఆర్‌కు (హీటర్‌ను ఆన్–ఆఫ్ చేసే సాలిడ్ స్టేట్ రిలే), ‘ఎం’ ఉంటే మామూలు రిలేకు. ‘ఎం’ తెచ్చుకుంటే ఎస్ఎస్ఆర్ పలకదు. ప్లగ్ పీకాకే పని. బ్రూ థర్మోస్టాట్ తీసి అదే మర చోట వేడి కొలిచే ఎం4 కె-టైప్ ప్రోబ్ బిగించండి. థర్మోస్టాట్‌కున్న రెండు స్పేడ్ వైర్లు ఎస్ఎస్ఆర్ 1, 2కు, పీఐడీ అవుట్‌పుట్ వైర్లు ఎస్ఎస్ఆర్ 3 ప్లస్, 4 మైనస్‌కు. సెట్టింగ్ 103–105తో మొదలుపెట్టండి. అది బాయిలర్ పైవేడి, పొడి దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది.

ప్రోబ్ వైర్లు తారుమారైతే బాయిలర్ కాగేకొద్దీ అంకె తగ్గుతూ పోతుంది, పీఐడీ హీటర్‌ను ఇంకా దంచుతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్విచ్ మీద చెయ్యి తియ్యొద్దు. ఎస్ఎస్ఆర్ పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది. అందుకే, మితిమీరి కాగితే కరెంటు ఆపే థర్మల్ ఫ్యూజ్‌ను బైపాస్ చేయమనే వీడియోలు నమ్మొద్దు.

కరకంబాడి_కప్పు:
నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదే! బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నపు గార కట్టి, ప్రోబ్ చూపే వేడికీ నీటి వేడికీ పొంతన ఉండదు. ఆర్‌ఓ నీళ్ళు 20 లీటర్ల క్యాన్‌కు 2 గ్రాముల పొటాషియం బైకార్బనేట్ కలిపితే చాలు. గార వదలడానికి లీటరుకు 15–20 గ్రాముల నిమ్మ ఉప్పు, పావుగంట, తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్ళు. రాత్రంతా నానబెట్టొద్దు, అల్యూమినియం బాయిలర్ తినేస్తుంది.

ఇంకోటి, వోల్టేజీ 190కి పడితే హీటర్ బలం మూడింట రెండు వంతులే. పీఐడీ దాన్ని పెంచలేదు, ఇంకాసేపు కాగనివ్వాలంతే.

తిరుచానూరు_డికాక్షన్:
ఎస్ఎస్ఆర్ లోపల ఎక్కడ బిగించాలి?

రేణిగుంట_సోల్డర్:
బాయిలర్‌కు దూరంగా, బాడీ రేకుకు, మధ్యలో థర్మల్ పేస్ట్ రాసి. హీటర్ 6 ఆంపియర్లే లాగుతుంది, అయినా 25 ఆంపియర్లది వేయండి. ఆ రేకుకు ఎర్త్ వైర్ గట్టిగా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూశాకే మూత బిగించండి.