కేరాస్ 4బి క్లోన్లలో ఒకే తేడాలు: సూడోజీన్ (పనిచేయని నకలు జన్యువు) చొరబడిందా?

కణాల పెరుగుదలను నియంత్రించే మానవ ప్రోటీన్ కేరాస్ 4బి జన్యువును (188 అమైనో ఆమ్లాలు, స్టాప్ కోడాన్‌తో 567 బేస్ పెయిర్లు) హెచ్‌ఈకే 293 అనే మానవ కణాల సీడీఎన్‌ఏ (ఆర్ఎన్ఏ నుంచి తయారుచేసే డీఎన్ఏ) నుంచి క్లోన్ చేస్తున్నాం. ప్రోటీన్ చివర ఉండే సీవీఐఎం అనే నాలుగు అమైనో ఆమ్లాల దగ్గర లిపిడ్ అతుక్కోవాలి కాబట్టి హిస్టిడిన్ ట్యాగ్ (ప్రోటీన్‌ను శుద్ధి చేసేందుకు తగిలించే గుర్తు) ముందువైపే పెట్టాం.

సీడీఎన్‌ఏకి 1 మైక్రోగ్రాము ఆర్ఎన్ఏ, ఆలిగో డీటీ ప్రైమర్; పీసీఆర్‌కి (డీఎన్ఏ నకళ్లు పెంచే పద్ధతి) హై ఫిడెలిటీ (తప్పులు తక్కువ చేసే) పాలిమరేజ్, 60 డిగ్రీల ఎనీలింగ్, 30 సైకిళ్లు. జెల్‌పై బ్యాండ్ సరైన చోటే ఉంది. 8 క్లోన్లు సీక్వెన్స్ చేస్తే 5 రిఫరెన్స్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. మిగతా 3లో బోలెడు తేడాలు, అవీ మూడింటిలోనూ ఒకే స్థానాల్లో! పాలిమరేజ్ పొరపాట్లయితే ఒక్కో క్లోన్‌లో ఒక్కో చోట పడాలి కదా. దీని దగ్గరి బంధువులైన హెచ్‌రాస్, ఎన్‌రాస్ జన్యువులతో పోల్చి చూశాం. అవి ఇంకా దూరం.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏను సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని కంట్రోల్‌లోనూ అదే పరిమాణంలో పలుచని బ్యాండ్ ఉంది, అంటే ఆర్ఎన్ఏలో కణాల డీఎన్ఏ కలిసినట్టుంది. అసలు జన్యువు 12వ క్రోమోజోమ్‌పై పెద్ద ఇంట్రాన్లతో (ఆర్ఎన్ఏ తయారయ్యాక తొలగిపోయే భాగాలు) ఉంది, దాన్నుంచి ఈ బ్యాండ్ రాదు. 6వ క్రోమోజోమ్‌పై ఇంట్రాన్లు లేని కేరాస్ సూడోజీన్ మీదే మా అనుమానం. ఎక్సాన్ల (ఇంట్రాన్లు పోయాక మిగిలే భాగాలు) అతుకుపై ప్రైమర్ పెట్టినా లాభం లేదు, ఆ అతుకు సూడోజీన్‌లోనూ ఉంటుంది.

అడగదలచినవి ఇవి. ఆర్ఎన్ఏను డీనేజ్‌తో (డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్) 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచాక 5 మిల్లీమోలార్ ఈడీటీఏ (మెగ్నీషియాన్ని పట్టేసుకునే రసాయనం) వేసి వేడిచేస్తే, మిగిలిన ఈడీటీఏ తర్వాతి రియాక్షన్‌లో మెగ్నీషియాన్ని లాగేయదా? అదనంగా ఎంత మెగ్నీషియం కలుపుతారు, లేక కాలమ్‌తో శుద్ధి చేయడమే మేలా? సూడోజీన్‌తో తేడా ఉన్న బేస్‌పై ప్రైమర్ 3' కొన నిలిపి దాన్ని వదిలించుకున్నవారు ఉన్నారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.