వాయిదా అంటే అసలు ఏంటి?

మొన్న విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల షాపు మార్వాడీ ఆయన ఫోన్లో ఎవరినో "వాయదా కియా థా" అని గట్టిగా నిలదీస్తున్నాడు. నాకు వాయిదా అనే వినబడింది. తర్వాత అడిగితే "మాటిచ్చాడండీ, ఇప్పుడు తప్పుతున్నాడు" అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే రెండూ ఒకటే మాట. అరబ్బీలో వాదా అంటే మాట ఇవ్వడం, పారసీ ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. హిందీలో ఇప్పటికీ ఆ అర్థమే. మన దగ్గర మాత్రం బాకీ తీర్చే గడువైంది, గడువుకి కట్టే సొమ్మైంది, కోర్టులో కేసు ఇంకో తేదీకి జరపడమూ అదే అయింది.

నాకు వెంటనే మా నాన్న రుణమాఫీ కాగితం గుర్తొచ్చింది, అందులో విడతల్ని ఆయన వాయిదాలనే అంటాడు. మాది గుంటూరు దగ్గర మిర్చి వేసే ఊరు. 2014 ఎన్నికల్లో తెలుగుదేశం వాళ్లు పంట రుణాలు మాఫీ అన్నారు, గెలిచాక అది రుణ ఉపశమనం అయింది. మాఫీ అంటే మొత్తం వదిలేయడం, ఉపశమనం అంటే నొప్పి కాస్త తగ్గడం, ఇది చిన్న తేడా కాదు. కుటుంబానికి 1.5 లక్షలు పరిమితి, 50 వేల లోపు ఒకేసారి, ఆపైన అయితే 5 విడతలు, మిగిలినదానికి 10 శాతం వడ్డీ కలిపి ఇస్తామన్నారు. 3 విడతలు పడ్డాయి. చివరి రెండింటికి 2019 మార్చిలో, ఎన్నికల ముంగిట, జీవో 38 వచ్చింది. ప్రభుత్వం మారాక అదే ఏడాది సెప్టెంబరులో దాన్ని రద్దు చేశారు. మాటిచ్చినవాళ్లు పూర్తిగా ఇవ్వకుండానే దిగిపోయారు, వచ్చినవాళ్లు ఆ మాట మాది కాదన్నారు, మధ్యలో నష్టపోయింది రైతు.

ఆ కాగితం వెనక నాన్న బాల్‌పెన్నుతో 1, 2, 3 అని వేసి డబ్బులు పడిన తేదీలు రాసుకున్నాడు. 4, 5 కూడా ముందే వేసిపెట్టుకున్నాడు, వాటి ఎదురుగా ఏమీ లేదు. ఇప్పటికీ పాస్‌పుస్తకంలో మడిచి ఉంటుంది. మాఫీ పడుతుందిలే అని బ్యాంకులో కట్టకుండా ఆగినవాళ్లకి గడువు దాటి వడ్డీ రాయితీ పోయింది. నాన్న ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టి, లోను తిరగరాయించుకున్నాడు. ఆ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

(సత్తెనపల్లి మిత్రుడు అడిగారు: "పేపర్లలో విడత అనే రాశారుగా, వాయిదా ఎందుకు?")

విడత అంటే ఒక భాగం, అంతేనండీ, ఇచ్చేవాడు ఎప్పుడిస్తే అప్పుడే. వాయిదాలో మాటిచ్చినవాడున్నాడు, తేదీ ఉంది. ఊళ్లో ప్రామిసరీ నోటు రాస్తే మూడేళ్లకి కాలదోషం పడుతుందని అప్పిచ్చినాయన ఆ లోపే వచ్చి తిరగరాయించుకుంటాడు, లేకపోతే కోర్టుకెళ్తాడు. రైతు ఒక్క వాయిదా తప్పితే బ్యాంకు నోటీసు వస్తుంది. ప్రభుత్వం రెండు తప్పింది, ఎవరికి నోటీసు పంపాలి? 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో ఒక మాట చేర్చింది, మేనిఫెస్టోలో హామీ ఇస్తే దానికి డబ్బు ఎలా తెస్తారో కూడా సూచించాలని. బాగానే ఉంది, కానీ అందులో తేదీ లేదు. ఏ ఏడాది, ఏ నెలలో, ఎంత, తప్పితే ఎవరు జవాబు చెప్పాలి అన్నది కాగితం మీద ఉండాలని నా పట్టుదల, పార్టీ ఏదైనా సరే.

మీ వైపు పెద్దవాళ్లు వాయిదాని గడువు అనే అర్థంలో ఇంకా వాడుతున్నారా, చెప్పండి. మా నాన్న ఇవాళ్టికీ "నాలుగో వాయిదా రాలేదు" అనే అంటాడు, విడత అనడు.