పాత ఏడు సీట్ల వ్యాన్: పెడల్ కిందికి పోతోంది, బ్రేక్ వేస్తే ఎడమకి లాగుతోంది

ఏడుసీట్లబండి:

అందరికీ నమస్కారం. మాది పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ మినీవ్యాన్, ముందు డిస్కులు వెనక డ్రమ్ములు, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసేది) ఉంది. ఇంజిన్ ఇప్పటికీ బంగారం, వంక పెట్టడానికి లేదు, గోలంతా బ్రేకులతోనే.

మొదటిది, ఒకసారి తొక్కితే పెడల్ చాలా కిందికి వెళ్ళాక గానీ పట్టుకోదు, వెంటనే రెండోసారి తొక్కితే మాత్రం పైనే గట్టిగా ఉంటుంది. రెండోది, బ్రేక్ వేసినప్పుడు బండి ఎడమకి లాగుతోంది, కాస్త దూరం తిరిగి వచ్చాక ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన, కుడి వైపు ఏమీ లేదు. మూడోది ఎప్పుడో గానీ రాదు కానీ వచ్చినప్పుడు గుండె ఆగినంత పనవుతుంది, బండి దాదాపు ఆగిపోతుంది అనుకునేసరికి పెడల్ కింద టకటకా కొట్టుకుని బండి ఇంకొంచెం ముందుకు జారుతుంది. రోడ్డు పొడిగానే ఉంటుంది.

ప్యాడ్లు మార్చి ఎక్కువ కాలం కాలేదు. మెకానిక్‌కి చూపిస్తే బండి ఎక్కకుండానే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసేది), బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది), రెండు కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కేవి) అన్నీ మార్చాలన్నాడు. ఇంత పాత బండికి అంత ఖర్చు పెట్టాలా, లేక ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి చూడాలా? పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి కాబట్టి టెన్షన్‌గా ఉంది.

నట్టుబోల్టు:

ముందు ఒక మాట. ఈ మూడూ తేలేదాకా ఆ బండిలో జనాన్ని ఎక్కించకండి, దిగుడు రోడ్ల మీదకి అసలు తీసుకెళ్ళకండి. మిగతాది నిదానంగా చూద్దాం.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు. అందుకే "అన్నీ మార్చేద్దాం" అనే మాట నాకు నచ్చదు. అన్నీ మార్చినా అసలు కారణం ఏ రబ్బరు పైపులోనో ఉండిపోవచ్చు.

పెడల్ సంగతి. మొదటి తొక్కుకి కిందికి వెళ్ళి రెండో తొక్కుకి పైకి వచ్చిందంటే నా అనుమానం మొదట వెనక డ్రమ్ముల మీదకే పోతుంది. షూలకీ (డ్రమ్ముని లోపలి నుంచి నొక్కి పట్టేవి) డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగితే మొదటి తొక్కులో వెళ్ళే ఆయిలంతా ఆ ఖాళీ పూడ్చడానికే సరిపోతుంది, రెండో తొక్కుకి గానీ ఒత్తిడి పుట్టదు. పరీక్ష తేలిక. బండి నిలిపి ఉంచి, హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్ళు పైకి లాగి పెడల్ తొక్కండి. ఇప్పుడు మొదటి తొక్కులోనే పైన పట్టుకుంటే వెనక అడ్జస్ట్‌మెంట్ పోయినట్టే. డ్రమ్ము లోపల అడ్జస్టర్ ఉంటుంది, షూ అరిగేకొద్దీ తనంతట తానే బయటికి తిరగాలి, పాత బండ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. కొన్ని మోడళ్ళలో హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు, కొన్నింటిలో రివర్స్‌లో బ్రేక్ వేసినప్పుడు అది పని చేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వాడకుండా గేర్‌లో వదిలేసే అలవాటున్న వాళ్ళ బండ్లలో ఈ సమస్య ఎక్కువ చూశాను.

ఇక్కడే చాలామంది చేసే పని ఒకటుంది, హ్యాండ్ బ్రేక్ వదులైందని లోపల డ్రమ్ము తెరవకుండా కేబుల్ బిగించేస్తారు. లివర్ గట్టిగా తగులుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ కేబుల్ షూలని సగం లాగి పట్టుకుంటే చాలా డిజైన్లలో అడ్జస్టర్ ఇక తిరగదు, కాలి బ్రేక్ పెడల్ ఇంకా కిందికి పోతుంది. వరస ఎప్పుడూ ఒకటే: కేబుల్ వదులు చేసి, షూలని సరిచేసి, చివర్లో కేబుల్.

ఎడమ చక్రం సంగతి. బండి ముందు భాగం జాకీ మీద లేపి స్టాండ్ పెట్టాకే చక్రం కిందికి వెళ్ళండి, జాకీని నమ్మి చేతులు పెట్టొద్దు. ఒకసారి గట్టిగా బ్రేక్ తొక్కి వదిలి ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పండి. పట్టేసి ఉంటే ముందు పైన స్టీలు పైపుకీ రబ్బరు పైపుకీ మధ్య ఉన్న నట్టు కొంచెం వదులు చేసి చూడండి. అక్కడ ఒత్తిడి తీస్తే చక్రం తిరిగిందంటే తప్పు ఇంకా పైన, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. అక్కడ తిరగకుండా కాలిపర్ మీది ఎయిర్ నిపుల్ (లైన్లోని గాలి బయటికి తీసే చిన్న మర) వదులు చేసినప్పుడు మాత్రమే తిరిగితే దోషం రబ్బరు పైపుది. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల పొర విడిపోయి ఉంటుంది, కాలి బలానికి ఆయిల్ లోపలికి పోతుంది కానీ తిరిగి రాదు. రెండు చోట్లా వదులు చేసినా చక్రం కదలకపోతే అప్పుడు కాలిపర్ పిస్టనో, కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులో బిగుసుకున్నట్టు. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తదానిలా ఉంటే పిన్నుల మీద అనుమానం పెట్టుకోండి. పిన్నులకి బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు వాడండి, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి ఇంకా బిగుస్తుంది.

స్టీరింగన్న:

నట్టుబోల్టు గారు చెప్పింది బాగానే ఉంది కానీ మాస్టర్ సిలిండర్‌ని అంత తేలిగ్గా వదిలేయకండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్‌ని ఒకే బలంతో తొక్కి అలాగే పట్టుకోండి. నెమ్మదిగా కిందికి కుంగుతూ పోయి, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే సిలిండర్ లోపలి సీళ్ళు పోయినట్టే. అది ఒక్కసారి మొదలైతే ఆగదు.

బూస్టర్ పరీక్ష ఇంకా సులభం, అది చేయకుండా బూస్టర్ మార్చమనడం నాకైతే అర్థం కాలేదు. ఇంజిన్ ఆపి, పెడల్ రాయిలా గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. కాలు అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బతికే ఉంది. దిగకపోతే కూడా ముందు ఇంజిన్ నుంచి వచ్చే వాక్యూమ్ పైపు, దాని వన్‌వే వాల్వు చూడండి. ఆ పైపు పగిలి ఉస్స్‌మని గాలి లాగుతుంటే బూస్టర్ మార్చినా లాభం లేదు. అయినా బూస్టర్ పోతే పెడల్ బిగుసుకుంటుంది, కిందికి పోదు. మీ లక్షణాల్లో అది లేనే లేదు.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? ఎవరూ అడగరు గానీ నేను ముందు అదే అడుగుతాను. డాట్ 3, డాట్ 4 ఆయిళ్ళు గాల్లోని తేమని పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, నీరు పట్టాక 155. ఏడుగురు, సామాను, పొడవాటి దిగుడు, కాలు తీయకుండా బ్రేక్. చక్రం దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి పుడితే పెడల్ నేలకి తగులుతుంది, కారు కంటే బరువైన వ్యాన్‌లో ఆ పరిస్థితి తొందరగా వస్తుంది. రెండేళ్ళకోసారి మార్చేస్తే ఈ భయం ఉండదు. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం పోయకండి, అది సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు. 5.1 వేరు, అది కలుస్తుంది.

వైరుబొమ్మ:

మూడోదానికి నేను చెప్తాను, పై ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు 🙂

ఆగబోయే ముందు, పొడి రోడ్డు మీద, నెమ్మది వేగంలో ఏబీఎస్ కొట్టుకుంటోందంటే బ్రేక్ మెకానికల్ భాగాల తప్పు కాకపోవచ్చు. ప్రతి చక్రం దగ్గరా వేగం చదివే సెన్సర్, దానికి ఎదురుగా పళ్ళ చక్రం ఉంటాయి. పాత బండ్లలో సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలా పెరిగి సెన్సర్‌ని పైకి ఎత్తేస్తుంది, మధ్య ఖాళీ పెరుగుతుంది. వేగంగా వెళ్ళేటప్పుడు సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి తేడా తెలియదు, వేగం తగ్గేసరికి ఆ ఒక్క చక్రం సిగ్నల్ ముందుగా పడిపోతుంది. కంప్యూటర్ "ఈ చక్రం లాక్ అయిపోయింది" అనుకుని దానికి బ్రేక్ ఒత్తిడి తగ్గించేస్తుంది. మీరు జారింది అందుకే. పళ్ళ చక్రం పగిలినా ఇదే వరస.

లైటు వెలగలేదు కదా అని వదిలేయకండి, చాలాసార్లు లైటు వెలగదు, కోడ్ కూడా పడదు. స్కానర్ పెట్టి ఒకరు నడుపుతుంటే పక్కన ఒకరు నాలుగు చక్రాల వేగం చూడాలి, ఆగబోతున్నప్పుడు మిగతా మూడూ ఒక అంకె చూపిస్తుంటే ఒకటి ముందే సున్నాకి పడిపోతుంది, దొంగ దొరికినట్టే. సెన్సర్ తీసి ఆ చోటుని శుభ్రంగా గీకి మళ్ళీ పెట్టినా చాలాసార్లు సరిపోతుంది. ఫ్యూజు పీకేసి ఏబీఎస్ ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఏడుసీట్లబండి:

అన్నలూ, చాలా థ్యాంక్స్. ఆదివారం నేనూ మా బావమరిదీ కూర్చుని చేశాం, ఆయన ఈ పనుల్లో చెయ్యి తిరిగినవాడు.

హ్యాండ్ బ్రేక్ పరీక్షలో మొదటి తొక్కులోనే పెడల్ పైన పట్టుకుంది. డ్రమ్ములు తీస్తే రెండు వైపులా అడ్జస్టర్ మర తుప్పుతో అతుక్కుపోయి ఉంది, కుడి వైపు వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలని తోసేది) రబ్బరు మూత ఎత్తగానే లోపల తడి. షూ మీద కూడా ఒక అంచున ఆయిల్ మరక. బూస్టర్ బాగానే ఉంది, పెడల్ పట్టుకుని కూర్చుంటే కుంగలేదు కూడా.

ఎడమ చక్రం అయితే నట్టుబోల్టు గారు చెప్పినట్టే. పైన నట్టు వదులు చేసినా కదల్లేదు, నిపుల్ తిప్పగానే చర్రున ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. ఆయిల్ నల్లగా ఉంది. సెన్సర్ల సంగతి స్కానర్ ఉన్న చోటికి వెళ్ళాక చూడాలి. ఇప్పుడు రెండు ప్రశ్నలు: ఆయిల్ మరక పడిన షూని పెట్రోల్‌తో కడిగి వాడుకోవచ్చా? ఎడమ రబ్బరు పైపు ఒక్కటే మారిస్తే చాలా?

నట్టుబోల్టు:

కడిగితే లాభం లేదు, లైనింగ్ ఆయిల్ పీల్చేసుకుంటుంది, వేడెక్కగానే మళ్ళీ బయటికి వస్తుంది. వెనక రెండు వైపులా షూలు, రెండు వీల్ సిలిండర్లు ఒకేసారి మార్చండి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది పెడితే మళ్ళీ లాగుడు మొదలవుతుంది. రబ్బరు పైపులూ అంతే, ముందు రెండూ, వీలైతే వెనక ఇరుసు దగ్గరున్నది కూడా. వాటి వయసు ఒకటే కదా. ఇంతకాలం వేడికి ఎడమ ప్యాడ్ల ముఖం గాజులా మెరుస్తూ ఉంటే ముందు ప్యాడ్లు కూడా జతగా మార్చండి, డిస్కు నీలం రంగుకి తిరిగిందా, మందం దాని మీద ముద్రించిన కనిష్ఠం కంటే తగ్గిందా చూడండి. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడి గుడ్డతో తుడవండి.

స్టీరింగన్న:

పని అయ్యాక బ్రేక్ లైన్లోంచి ఎయిర్ (చేరిన గాలి) తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కకండి. రోజూ తొక్కే దూరం దాటాక సిలిండర్ గోడ మీద తుప్పు, మడ్డి ఉంటాయి, సీలు అక్కడికి వెళ్ళి కోసుకుపోతుంది. పరీక్షలో కుంగని మీ సిలిండర్ ఆ పని తర్వాత కుంగడం మొదలుపెట్టొచ్చు. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టుకోండి.

ఇంకొకటి, వెనక ఇరుసు దగ్గర కింద పడుకుని చూడండి, ఇరుసు నుంచి ఒక సన్నటి కడ్డీ పైనున్న వాల్వుకి కలిసి ఉందా? చాలా వ్యాన్లలో ఉంటుంది. బరువు ఎక్కితే వెనక భాగం దిగుతుంది, కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. పాత బండ్లలో అది మట్టి, తుప్పుతో ఒకే చోట అతుక్కుపోతుంది, అలాంటప్పుడు బండి నిండుగా ఉన్నా వెనక చక్రాలు బద్ధకంగా పట్టుకుంటాయి, భారమంతా ముందు ప్యాడ్ల మీదే. చేత్తో కదిపితే కదలాలి. అక్కడిదాకా వెళ్ళే స్టీలు పైపులు క్లిప్పుల కింద పొలుసులు లేస్తున్నాయేమో కూడా చూసేయండి.

ఆ వాల్వు ఉంటే వెనక భాగాన్ని జాకీ మీద గాల్లో వేలాడదీసి ఎయిర్ తీయొద్దు. ఇరుసు కిందికి దిగేసరికి వాల్వు బండి ఖాళీ అనుకుని వెనక లైను సగం మూసేస్తుంది, మీరు ఎంత తొక్కినా గాలి పూర్తిగా రాదు. స్టాండ్లు ఇరుసు కిందే పెట్టండి, బరువు దాని మీద ఉండాలి. ఏ చక్రం ముందో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి.

ఏడుసీట్లబండి:

కడ్డీ ఉంది అన్నా, ఇప్పుడే టార్చి వేసి చూశాను. చేత్తో కదపబోతే కదల్లేదు. సామాను లిస్టులో అది కూడా రాసుకున్నాను.